చిన్న చేతులకు నిజం పని: రెండేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా పిల్లల పెంపకం

మా పెద్దోడికి అప్పుడు నాలుగేళ్ళు. దసరాకు నల్లగొండలో మా చిన్నాయన ఇంటికి పోయాం. హాల్లో పదిమంది దాకా కూర్చున్నారు. నాకు మోజు పుట్టింది. "తాతకు రైమ్ చెప్పు బిడ్డా" అన్నాను. వాడు నా కొంగు వెనక్కి జరిగాడు. "ఇంట్లో మస్తు చెప్తడు" అని అందరికీ చెప్పి మళ్ళీ ముందుకు లాగాను. మూడోసారి లాగేసరికి వాడి కింది పెదవి వణికింది. ఎవరో "సిగ్గరోడు" అన్నారు. ఇంకొకరు తమ మనవరాలిని నిలబెట్టారు. ఆ పిల్ల గడగడా నాలుగు చెప్పేసింది, అందరూ చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో పాలమూరు వచ్చేదాకా వాడు నోరు విప్పలేదు. ఆ తర్వాత ఆర్నెల్ల పాటు మా ఇంటికి ఎవరొచ్చినా మంచం కిందకు దూరేవాడు.

నేను అప్పటికే ఒక ఊరి బడిలో ఒకటో తరగతి పిల్లలకు చదువు చెప్తున్నాను. ఎవరి పిల్లవాడినైనా అలా అందరి ముందూ లాగితే వాళ్ళమ్మను పిలిచి నాలుగు మాటలు చెప్పేదాన్ని. సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో తెలియదు.

ధైర్యం ఒక దగ్గర, మంచితనం ఇంకో దగ్గర నేర్పాలని అప్పట్లో అనుకునేదాన్ని. రెండూ ఒకే చోట దొరుకుతాయని మెల్లగా అర్థమైంది. ఇంట్లో తనకంటూ ఒక పని ఉండాలి. ఆ పని వల్ల ఇంకొకరికి మేలు జరిగిందని పిల్లల కంటికి కనపడాలి. కింద రాసిందంతా దాని చుట్టూ తిరిగేదే. వరుస మార్చకండి, మొదటి మెట్టు పెద్దవాళ్ళది.

1. మూడు రోజులు మీ నోరు మీరే వినండి

పాత క్యాలెండర్ కాగితం వెనక నాలుగు గళ్ళు గీసి వంటింటి తలుపుకు అంటించండి. ఆజ్ఞ, బెదిరింపు, పోలిక, ముచ్చట. పిల్లలతో ఏదన్నా అన్నప్పుడల్లా ఆ గడిలో ఒక గీత గీయాలి. "తిను, లే, ఉరకకు, ముట్టకు" ఆజ్ఞలు. "నిన్ను ఇడిచిపెట్టి పోత, బూచోడు ఎత్తుకపోతడు" బెదిరింపులు. "అక్కను చూసి నేర్చుకో" పోలిక. ఏ పనీ చెప్పకుండా, ఏ పరీక్షా పెట్టకుండా ఊరికే మాట్లాడుకున్నది ముచ్చట. మొదటి రోజు రాత్రి మా కాగితం మీద నాలుగో గడిలో మూడే గీతలున్నాయి. మా ఆయన చూసి ఏమీ అనలేదు. గీతల్లో సగం ఆయనవే.

మూడు రోజులయ్యాక అన్నీ ఒకేసారి మార్చుకోవాలని చూడకండి, వల్ల కాదు. ఒక్క బెదిరింపులు ఆపండి. మన వైపు అన్నిటికన్నా ఎక్కువ వినపడేది "సూదేపిస్త". దాని ఫలితం బడిలో ఏటా చూస్తాను. ఏఎన్ఎం అక్క గేటు దాటి లోపలికి రాగానే సగం తరగతి బెంచీల కిందకు పోతుంది. టీకాల పట్టిక ప్రకారం ఐదు, ఆరేళ్ళ మధ్య డీపీటీ బూస్టర్ వేయించాలి. ఏడాది పొడుగునా సూదిని బూచిలా చూపించి, ఆ రోజు మాత్రం "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటది" అంటే ఎవరు నమ్ముతారు? ఉన్నదున్నట్టు చెప్పాలి. "నొప్పి లేస్తది. నువ్వు ఇరవై లెక్కపెట్టేలోపల తగ్గుతది. నా చెయ్యి గట్టిగ పట్టుకో, ఏడుపొస్తె ఏడువు." ఇలా చెప్పిన పిల్లలు కూడా ఏడుస్తారు. కాకపోతే ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, దూది ఊడిందా అని చూసుకుంటారు.

మా చిన్నదానికి ఇదే సందర్భంలో పిల్లలమర్రి కథ చెప్పాను. మా మహబూబ్‌నగర్ దగ్గరున్న ఆ మర్రి ఏడు వందల ఏళ్ళ నాటిదని చెప్తారు, మూడెకరాల మేర ఊడలు దిగి ఉంది. దానికి చెదలు పట్టి 2017 చివర్లో ఒక పెద్ద కొమ్మ కూలిపోయింది. మరుసటి ఏడాది సెలైన్ సీసాల్లో చెదల మందు నింపి, మనుషులకు ఎక్కించినట్టే కొమ్మల్లోకి చుక్క చుక్కగా ఎక్కించారు. ఫొటో చూపిస్తే అది చాలాసేపు చూసి, "చెట్టు ఏడ్సిందా అమ్మా?" అంది. తెలియదన్నాను. "మరి దాని చెయ్యి ఎవరు పట్టుకున్నరు?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

2. నిజం పని ఇవ్వండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ప్లాస్టిక్ కూరగాయలు, బొమ్మ పొయ్యి కొనివ్వడం తప్పని కాదు. అయితే చిన్నపిల్లలకు మనం చేసే పనే కావాలి. జర్మనీలో ఇద్దరు పరిశోధకులు, వార్నెకెన్, టొమసెల్లో, 2006లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. బట్టలు ఆరేస్తున్న మనిషి క్లిప్పు జారవిడిచి, అందనట్టు చెయ్యి చాపుతాడు. ఎదురుగా ఏడాదిన్నర పిల్లలు. ఎవరూ అడగలేదు, ఏమీ ఇస్తామనలేదు. ఇలాంటి రకరకాల సందర్భాలు పెట్టి చూస్తే 24 మంది పిల్లల్లో 22 మంది కనీసం ఒక్కసారైనా లేచి సాయం చేశారు. అంటే ఆ గుణం పిల్లల్లో ముందే ఉంది. మన ఇళ్ళలో అదే వయసు పిల్ల చీపురు పట్టుకుంటే "ఇడువు, మురికి" అని లాక్కుంటాం. పదేళ్ళొచ్చాక "ఒక్క పని ముట్టదు" అని చుట్టాలకు చెప్పుకుంటాం.

ఏ వయసుకు ఏ పని అన్నదానికి కొలబద్ద ఏమీ లేదు. మా ఇంట్లో, బడి పిల్లల ఇళ్ళలో నడిచినవి చెప్తాను. రెండేళ్ళకు ఉల్లిగడ్డలు ఒక్కొక్కటే బుట్టలోంచి తెచ్చివ్వడం, తడి బట్ట పిండిన తర్వాత అందివ్వడం. మూడేళ్ళకు ఎల్లిగడ్డ పాయలు విడదీయడం, చెప్పులు జతలు పెట్టడం. నాలుగేళ్ళకు చిక్కుడుకాయ ఈనెలు తీయడం, చింతపండులో గింజలు ఏరడం, కోళ్ళకు నూకలు చల్లడం. ఐదేళ్ళకు ఇంటికొచ్చిన వాళ్ళకు చెంబుతో నీళ్ళు. ఆరేడేళ్ళకు రోడ్డు దాటక్కరలేని కిరాణా కొట్టుకు ఒక్క వస్తువు కోసం పంపడం. పొయ్యి, కత్తిపీట, బావి, మోటారు స్విచ్చు దగ్గరకు మాత్రం ఏ వయసులోనూ ఒంటరిగా పోనివ్వొద్దు. వానాకాలం కుంటల దగ్గరకు అసలే వద్దు.

మా చిన్నదాని రొట్టె సంగతి చెప్పాలి. సాయంత్రం మా అత్తమ్మ జొన్న రొట్టెలు కొడుతుంటే అది పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఐదో ఏట ఒక రోజు ఎసరు పోసి కలిపిన పిండిలోంచి నిమ్మకాయంత ముద్ద దాని ముందు పెట్టాం. పొడిపిండి చల్లుకుంది. అత్తమ్మ ఎట్లా తిప్పుతుందో చూస్తూ అరచేత్తో కొట్టింది. అంచులు పగిలాయి. ఎత్తబోతే రెండు ముక్కలైంది. మళ్ళీ ముద్ద చేసింది. రెండోసారి పీటకు అంటుకుంది. మూడోసారి మధ్యలో బొక్క పడింది. అప్పటికి నా చేతులు ఆగడం లేదు. "ఇటియ్యి, నేను చేస్త" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. లేచి వాకిట్లోకి పోయి ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. తిరిగొచ్చేసరికి పెంక మీద ఏ ఆకారమూ లేని చిన్న రొట్టె కాలుతోంది. అత్తమ్మ తడిగుడ్డతో దాని మీద అద్దుతోంది. ఇది పక్కనే నిలబడి ఊపిరి బిగబట్టుకుని చూస్తోంది.

ఆ రొట్టెను మా మామకు పెట్టింది. ఆయన పప్పులో ముంచుకుని తిని, "అంచు గట్టిగైంది బిడ్డా, నడుమ మంచిగ కాలింది" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఐదేళ్ళ పిల్లను పొగడకుండా ఇదేం మాటని. అదేమో మరుసటి రోజు పిండి ముందు కూర్చుని తనలో తాను గొణుక్కుంటోంది: "అంచు పలుచగ కొట్టాలె. తాత పండ్లు మంచిగ లేవు." ఆ రెండో మాట విన్నప్పుడు నాకు ఈ పెంపకం సంగతి సగం అర్థమైంది. చేతికి పని వచ్చింది, ఆ పని తినే మనిషి కష్టం కూడా మనసులోకి వచ్చింది.

పని ఇచ్చేటప్పుడు మూడు జాగ్రత్తలు. ఒకటి, పిల్లలు చేసిన దాన్ని వాళ్ళ కళ్ళ ముందే మళ్ళీ సరిచేయకండి. మడిచిన తువ్వాలను విప్పి మడిస్తే వాళ్ళకు అర్థమయ్యేది "నీది లెక్కలోకి రాదు" అని. రెండు, తొందర ఉన్న పూట పని అప్పగించకండి. పొద్దున బస్సు వేళకు ఏ తల్లికైనా ఓపిక ఉండదు, ఉండాలని కూడా నేను అనను. మూడోది డబ్బులు, చాక్లెట్లు. పనికి ఇంత అని లెక్క కట్టకండి. పైన చెప్పిన పరిశోధకులే 2008లో ఇంకొకటి చూశారు. సాయం చేసినందుకు బొమ్మలు బహుమతిగా అందుకున్న చిన్నపిల్లలు ఆ తర్వాత సాయం చేయడం తగ్గించారు, ఏమీ ఇవ్వని పిల్లలు మాత్రం చేస్తూనే పోయారు. మా బడిలో ఒకసారి చెట్లకు నీళ్ళు పోసినవాళ్ళకు బిస్కెట్ ఇచ్చి చూశాను. బిస్కెట్లు అయిపోయిన రోజు చెట్లు ఎండాయి.

3. పొగడ్త బదులు చూసింది చెప్పండి

"సూపర్", "గుడ్ బాయ్", "మా వాడు మస్తు తెలివిగలోడు" అనడం సులువు. అమెరికాలో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ 1998లో ఐదో తరగతి పిల్లల మీద చేసిన ప్రయోగంలో, తెలివిని పొగిడించుకున్న పిల్లలు తర్వాత సులువైన లెక్కలే ఎంచుకున్నారు, ఒకసారి తప్పాక డీలా పడ్డారు. కష్టపడ్డావని మెచ్చుకున్న పిల్లలు కష్టమైనవి కోరుకున్నారు. చిన్న పిల్లలకు ఇంకా సులువు చిట్కా ఉంది: కంటికి కనపడింది చెప్పి ఊరుకోవడం. "చెప్పులన్నీ గోడకు వరుసగ పెట్టినవ్." "చెల్లె పడితె ముందు నువ్వే ఉరికినవ్." చాలు. పక్కనే "గట్లనే రోజూ చెయ్యి" అని తోక తగిలిస్తే అది ఆజ్ఞల గడిలోకి పోతుంది.

4. ఏడుపుకూ కోపానికీ పేర్లు పెట్టండి

మన తెలంగాణ మాటల్లో దీనికి ఎంత సొమ్ముందో! బుగులు, రంది, గుస్సా, అలక, రోషం, సిగ్గు, యాష్ట. అమ్మ మీద, ఊరి మీద గుబులు పుట్టి పిల్ల నీరసపడిపోతే "బెంగటిల్లింది" అంటాం. నాలుగేళ్ళ పిల్లకు ఈ మాటలు అందిస్తే తను పడుతున్నదేమిటో తనకే తెలుస్తుంది. "నీకు గుస్సా వచ్చింది గదా" అన్నప్పుడు "కాదు, బుగులైతుంది" అని మా వాడు సరిచేసిన రోజు నాకు గుర్తుంది. చీకట్లో బాత్రూంకు పోవడానికి బుగులు. అది తెలిశాక చేయాల్సింది లైటు వేయడం. అంతకుముందు వారం రోజులు మొండితనమనుకుని కేకలేశాం.

బస్టాండులో బొమ్మ కోసం నేల మీద పడి దొర్లే పిల్లతో ఏం చేయాలి? ముందు మీ నడుము వంచండి, మీ ముఖం పిల్ల ముఖం ఎత్తుకు రావాలి. గొంతు తగ్గించండి. "ఆ బొమ్మ కావాలె, కొనలేదని గుస్సా వచ్చింది" అని ఒక్కసారి చెప్పండి. "ఇయ్యాల కొనం" అని కూడా ఒక్కసారే చెప్పండి. ఆ తర్వాత మాటలొద్దు, పక్కనే ఉండండి. ఏడుపు వానలాంటిది, మధ్యలో ఆపలేం. తడవకుండా పక్కన నిలబడగలం. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తారు, "కొనియ్యరాదమ్మా" అనే పెద్దమ్మ ఒకామె ఎప్పుడూ ఉంటుంది. ఆమెకు నవ్వి ఊరుకోండి. ఒకసారి ఏడుపుకు లొంగి కొంటే, ఎంతసేపు ఏడిస్తే వస్తుందో పిల్లకు లెక్క తెలిసిపోతుంది.

కొట్టడం గురించి ఒక్క మాట. నేనూ కొట్టాను, రెండుసార్లు. రెండుసార్లూ కోపం నాది, తప్పు చిన్నది. కొట్టి సరిదిద్దానని చెప్పుకోలేను. తర్వాత దగ్గరికి పిలిచి "నాకు గుస్సా ఆగలేదు, కొట్టుడు నా తప్పు" అని చెప్పాను. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే చులకనైపోతామని మా అత్తమ్మ భయం. అలా జరిగినట్టు నాకైతే కనపడలేదు.

"మగపిల్లగాడివి, ఏడుస్తావురా" అన్న మాటను మాత్రం ఇంట్లోంచి పూర్తిగా తరిమేయండి. ఏడవడం రాని పిల్లవాడికి ఎదుటివాళ్ళ ఏడుపు కూడా అర్థం కాదు.

5. దయ ఎదురుగా ఉన్న మనిషితో మొదలవుతుంది

మా అమ్మగారి ఊరు మర్రిగూడ వైపు. నీళ్ళల్లో ఫ్లోరైడ్ వల్ల నడుములు వంగి, కాళ్ళు వంకర్లు తిరిగిన పెద్దవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు. మా వాడు ఒక తాతను చూసి అందరికీ వినపడేలా "ఈ తాత గిట్లెందుకు నడుస్తుండు?" అన్నాడు. నోరు మూసి పక్కకు లాక్కుపోవడానికి చెయ్యి లేచింది. అలా చేస్తే వాడికి అర్థమయ్యేది ఆ మనిషి సిగ్గుపడాల్సినవాడని. కింద కూర్చుని చెప్పాను: "చిన్నప్పటి నుంచి తాత తాగిన బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ అనే ఉప్పు ఎక్కువుండె. అది ఎముకల్లకు పోయింది. నీకు అంటుకోదు. వంగినప్పుడు నొప్పి లేస్తది." లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ బోర్లలో ఎన్నో రెట్లు ఎక్కువ ఉండేది. తాత అన్నీ విన్నాడు, వాడిని దగ్గరికి పిలిచి మోకాలు ముట్టుకోనిచ్చాడు. తర్వాత తాత చేతికర్ర కింద పడితే వాడే పోయి తీసిచ్చాడు, ఎవరూ చెప్పలేదు.

ఇంకో సంగతి, చాలామందికి నచ్చదు. పిల్లలు ఎవరిని ఏమని పిలుస్తున్నారో వినండి. అత్త, మామ, చిన్నమ్మ అని చుట్టాలను నోరారా పిలిచే పిల్లలే వీధి ఊడ్చే ఆమెను "ఏయ్" అంటారు. పొలం పనికొచ్చే ముసలాయనను పేరు పెట్టి "రా" అంటారు. మన నోట వినే నేర్చుకున్నారు. కులం పిల్లలకు మొట్టమొదట చేరేది ఈ పిలుపులోనే. ఇంటికి ఎవరొచ్చినా, ఏ పనికొచ్చినా అక్క, అన్న, పెద్దమ్మ, తాత అని పెద్దలు పిలవాలి. అదే గ్లాసులో నీళ్ళివ్వాలి. ఇది మారని ఇంట్లో దయ గురించి ఎన్ని కథలు చెప్పినా దండగ.

తప్పు చేసినప్పుడు "సారీ చెప్పు" అని మెడ పట్టుకోవడం వల్ల ఒక మాట వస్తుంది, అంతే. మా బడిలో ఒకరు ఇంకొకరి పలక పగలగొడితే ముందు ఆ పిల్ల ముఖం చూడమంటాను. "ఏమైంది దానికి? ఇప్పుడు నువ్వేం చెయ్యగలవు?" కొందరు తమ పలక ఇస్తారు. ఒకడు పగిలిన ముక్కలకు అన్నం మెతుకులు పూసి అతికించడానికి ఒక పీరియడ్ అంతా తిప్పలు పడ్డాడు. అతకలేదు. పలక పోగొట్టుకున్న పిల్ల మాత్రం వాడి పక్కనే కూర్చుని మెతుకులు అందించింది.

అన్నదమ్ముల మధ్య వస్తువులు పంచుకోమని బలవంతం పెట్టొద్దు. "వాడు ఆడుకునుడు అయినంక నీ వంతు" అనే మాట ఎక్కువ పని చేస్తుంది. బతుకమ్మ పేర్చేటప్పుడు చూడండి, తంగేడు ఒకరు, గునుగు ఒకరు, బంతి ఒకరు అందిస్తుంటే గొడవే ఉండదు. ఎవరి వంతు ఏమిటో తెలుసు, ఒక వరుస ఆగితే బతుకమ్మ ఆగుతుంది.

6. గొంతు విప్పే చోట్లు వెతకండి

రైమ్ చెప్పించడం మానేశాక మా వాడికి చిన్న చిన్న మాటల పనులు పెట్టాను. హోటల్లో "అన్నా, ఇంకొంచెం చట్నీ" అని వాడే అడగాలి. ఆటో అన్నకు ఎక్కడ ఆపాలో వాడే చెప్పాలి. మొదట్లో వాడి గొంతు వినపడక ఆటో రెండు వీధులు ముందుకు పోయింది. నడిచి వెనక్కి వచ్చాం, నేను ఏమీ అనలేదు. తర్వాత వారం గట్టిగా అరిచాడు. అవసరం ఉన్న చోట గొంతు దానంతట అదే వస్తుంది.

పిల్లల తరఫున మీరు జవాబు చెప్పకండి. "నీ పేరేంది?" అని ఎవరైనా అడిగితే మనసులో పది లెక్కపెట్టండి. చెప్పకపోతే "ఇప్పుడు చెప్పాలని లేదు" అని మామూలుగా అనేయండి. "సిగ్గు" అనే బిళ్ళ మాత్రం అతికించొద్దు.

ధైర్యంలో "వద్దు" అనడం కూడా ఒక భాగమే. చుట్టాలు బుగ్గ గిల్లుతానంటే, ముద్దు పెట్టమంటే పిల్లకు ఇష్టం లేకపోతే ఒప్పించకండి. దండం పెడుతుంది, చాలు. పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు, ఆ మాట మనం పడాలి. సొంత మేనమామకే వద్దని చెప్పగలిగిన పిల్ల, రేపు తప్పుడు చెయ్యి పడితే అరవగలదు. స్నానం చేయించేటప్పుడు ఒంటి భాగాలకు అసలు పేర్లు చెప్పండి. ఎవరైనా "అమ్మకు చెప్పొద్దు" అంటే అదే ముందు చెప్పాల్సిన సంగతని నేర్పండి. ఆపదలో ఉన్న పిల్లల సాయానికి పెద్దవాళ్ళూ పిల్లలూ ఇద్దరూ ఫోన్ చేయగల నంబర్ 1098, రాత్రీ పగలూ పని చేస్తుంది.

7. నిద్ర, ఫోన్, మట్టి

త్వరగా చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ఇది: మూడు, నాలుగేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటల నిద్ర, రోజంతా కలిపి మూడు గంటల ఉరుకులాట, తెర ముందు గంటకు మించకుండా. రెండేళ్ళ లోపు అయితే తెర అసలే వద్దు. ఫోన్ చూపిస్తూ ముద్దలు పెట్టడం ఈ రోజే మానేయండి. రెండు పూటలు లొల్లి చేస్తారు, తిండి తగ్గుతుంది, మూడో రోజుకు ఆకలే తినిపిస్తుంది. మీ చేతిలో ఫోన్ సంగతి కూడా చూసుకోండి. పిల్ల మాట్లాడుతుంటే మీ ముఖంలో ఏ కదలికా లేకపోతే పాలు తాగే బిడ్డకు కూడా తెలుస్తుంది, ఏడుస్తుంది.

ఆట అంటే కోచింగ్ కాదు. చిర్రగోనె, గోలీలు, తొక్కుడు బిళ్ళ, సాయంత్రం వాకిలి. గొడవ పడితే రెండు నిమిషాలు ఆగి చూడండి, చాలాసార్లు వాళ్ళే తీర్పు చెప్పుకుంటారు.

8. బడిలో చేరేటప్పుడు

మూడేళ్ళకే ఏబీసీడీలు రాయాలన్న టెన్షన్ పెట్టుకోకండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఆటపాటలతో నేర్చుకునే దశ అనే అంటోంది. వేళ్ళు బలపడకముందే పెన్సిల్ పట్టించి కాపీ పుస్తకాలు నింపించిన పిల్లలు నా దగ్గరకు రాతంటే అసహ్యంతో వస్తారు. దగ్గర్లో మంచి అంగన్‌వాడీ టీచర్ ఉంటే అదృష్టమే, ఫీజుల బడి లేదని చిన్నబోవద్దు. ఎక్కడ చేర్చినా ఒక పూట బయట నిలబడి వినండి. టీచర్ గొంతు ఒక్కటే వినపడుతోందా, పిల్లల గొంతులు కూడానా? విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. "మా వాడిని నాలుగు తగిలించండి సార్" అని మీరు అనుమతిచ్చినా అది చెల్లదు.

దేవరకొండ వైపైనా, మా వైపైనా తండాల నుంచి వచ్చే పిల్లలది ఇంట్లో గోర్ బోలి, అంటే లంబాడీల భాష. ఒక ఏడాది ఒక పిల్లవాడు మూడు నెలలు నోరు తెరవలేదు. మొద్దు అన్నారు. ఒక మధ్యాహ్నం వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుని వచ్చి "పాణి కావాలా?" అన్నాను. కళ్ళు పెద్దవి చేసి చూశాడు. తర్వాత వాడే నాకు రోజుకొక మాట నేర్పేవాడు. తప్పు పలికితే నవ్వేవాడు. నాకు టీచర్ అయ్యాక వాడికి తెలుగు రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మీ ఇంటి భాష ఏదైనా పిల్లలతో అదే మాట్లాడండి, సగం సగం ఇంగ్లీషు వద్దు.

9. అమ్మానాన్న దూరంగా ఉంటే

పాలమూరు మాట వస్తే వలస మాట రాకుండా ఉండదు. ముంబై, పుణె, హైదరాబాద్ పనులకు పోయిన వాళ్ళ పిల్లలు అవ్వ, తాతల దగ్గర పెరుగుతారు. నా తరగతిలో ఏటా నలుగురైదుగురు ఉంటారు. వాళ్ళకు చెప్పేది ఇది. పిల్ల నిద్రపోతున్నప్పుడు బస్సెక్కి పోకండి. ఏడ్చినా సరే, చెప్పి పోండి. చెప్పకుండా పోతే తర్వాత అవ్వ బాయి దగ్గరకు పోయినా వెంటపడి ఏడుస్తుంది. ఎప్పుడొస్తారో తెలిస్తే ఒక గ్లాసులో అన్ని చింతగింజలు పోసివ్వండి, రోజుకొకటి తీసేస్తారు. తేదీ మారితే ఫోన్ చేసి మీరే గింజలు కలపమనండి, అవ్వతో అబద్ధం చెప్పించకండి. ఫోన్ రోజూ ఒకే వేళకు చేయండి, ఐదు నిమిషాలైనా. "అన్నం తిన్నవా, బడికి పోయినవా" అన్న విచారణ త్వరగా ముగించి, మీరున్న చోట ఇవాళ ఏం చూశారో చెప్పండి. ఎన్నో అంతస్తు కడుతున్నారు, పైనుంచి ఏం కనపడుతుంది. మా తరగతిలో ఒకమ్మాయి వాళ్ళ నాయన పద్నాలుగో అంతస్తులో ఉన్నాడని బడంతా చెప్పుకుంది.

అవ్వ, తాతలకు ఒక మనవి: పిల్ల అల్లరి చేస్తే "అందుకే మీ అమ్మ ఇడిచిపోయింది" అని సరదాకు కూడా అనొద్దు. పిల్లలు దాన్ని సరదాగా తీసుకోరు.

10. ఎప్పుడు డాక్టర్ దగ్గరకు పోవాలి

పెంపకంతో తీరనివి కొన్ని ఉంటాయి. రెండేళ్ళు నిండినా రెండు మాటలు కలిపి చెప్పకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం, నాలుగేళ్ళకు కూడా ఏ పిల్లలతోనూ కలవకపోవడం, రోజూ తనను తాను కొట్టుకోవడం. వీటిలో ఏది కనిపించినా "మగపిల్లలకు మాటలు ఆలస్యమే" అన్న ఊరి మాట విని ఊరుకోకండి. ముందు చెవులు పరీక్ష చేయించండి, వినపడక మాటలు రాని పిల్లలు చాలామందే. అంగన్‌వాడీ పిల్లలను చూడటానికి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఎప్పుడొస్తారో అంగన్‌వాడీ టీచర్‌ను అడిగి ఆ రోజు పిల్లను తప్పకుండా పంపండి, మీరూ పోండి. అవసరమైతే వాళ్ళే జిల్లా ఆసుపత్రికి రాసిస్తారు. పోయేటప్పుడు టీకాల కార్డు వెంట పెట్టుకోండి. ఏ నెలకు ఏం చేయాలో అందులో బొమ్మలతో ఉంటుంది, మీ పిల్ల ఎప్పుడు ఏం చేసిందో ఆ బొమ్మ పక్కన తేదీ రాసుకుని పోతే డాక్టర్‌కు సగం పని తగ్గుతుంది.